పొద్దుగూకాక రోవర్ ఫిక్స్ పోతోంది, పగలు బాగానే ఉంటోంది. లోపం ఎక్కడ?

చైనేజీ_142 | మార్చి 15, 2025, రాత్రి 1:20

అందరికీ నమస్కారం. నేను రోడ్డు విస్తరణ పనిలో సర్వేయర్‌ని. సైటు అద్దంకి దగ్గర. పగలు లారీల రద్దీ వల్ల పని సాగడం లేదని ఈ వారం నుంచి రాత్రి షిఫ్టు పెట్టారు. సాయంత్రం 7 నుంచి తెల్లవారుజాము 2 దాకా సెంటర్‌లైన్ మార్కింగ్, లెవెల్స్ (ఎత్తులు) చూడడం నా పని. వాడేది ఆర్టీకే రోవర్, అంటే పోల్ మీద బిగించి తిప్పే జీపీఎస్ రిసీవర్. ఒకచోట కదలకుండా ఉండే మా సొంత రిసీవర్, అదే బేస్, రేడియోలో పంపే సవరణలతో ఇది సెంటీమీటర్ల లెక్కన స్థానం చెబుతుంది. బేస్ మా క్యాంపు ఆఫీసు డాబా మీద ఉంది, సైటుకి 9 కిలోమీటర్లు.

పగలు ఏ గొడవా లేదు. పోల్ పెట్టి దాని మట్టం బబుల్ సరిచేస్తే పది సెకన్లలో ఫిక్స్, అంటే సెంటీమీటర్ల కచ్చితత్వం, వస్తుంది. రాత్రి ఏడున్నర, ఎనిమిది అయ్యేసరికి మొదలవుతుంది. ఫిక్స్ పోయి ఫ్లోట్, అంటే అంత నమ్మకం లేని లెక్క, వస్తుంది. అర నిమిషం ఉండి మళ్ళీ ఫిక్స్. మళ్ళీ ఫ్లోట్. పదిహేను శాటిలైట్లు వాడుతున్నట్టు చూపించేది కాస్తా ఏడుకి పడిపోతుంది.

అంతకంటే భయపెట్టింది ఇది. 12వ తేదీ రాత్రి ఫిక్స్ చూపిస్తుండగానే నేను నాటిన ఒక పెగ్‌కి లెవెల్ 42 సెంటీమీటర్లు తేడా వచ్చింది. పొద్దున అదే పెగ్ మీద మళ్ళీ చూసుకున్నాను కాబట్టి బయటపడింది. చూసుకోకపోతే దాని మీదే పొర పడిపోయేది. ఇప్పటికి మూడు రాత్రుల పని వృథా అయింది. బ్యాటరీలు మార్చాను, రేడియో ఛానల్ మార్చాను, బేస్ యాంటెన్నా కేబుల్ కొత్తది వేశాను. పరికరం అద్దెకిచ్చిన వాళ్ళు వచ్చి పగలు చెక్ చేసి, ఏ లోపమూ లేదని చెప్పి వెళ్ళిపోయారు. ఇంజినీరు గారు అందరి ముందూ నాకు పని రాదన్నారు. పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఎవరికైనా ఇలా జరిగిందా?

శ్రీను_టోటల్‌స్టేషన్ | మార్చి 15, ఉదయం 7:05

అన్నా, రాత్రి సైటులో ఫ్లడ్ లైట్లకి జనరేటర్ పెడతారు కదా. దాని పక్కనే పోల్ పెడుతున్నావేమో చూడు. హైటెన్షన్ లైన్ ఉన్నా ఇబ్బందే. ఇంకోటి, ఎవరైనా లారీకి జీపీఎస్ జామర్ పెట్టుకుని తిరుగుతుంటే కూడా ఇలాగే అవుతుంది. ముందు జనరేటర్ ఆపి చూడు.

చైనేజీ_142 | మార్చి 15, ఉదయం 9:40

శ్రీను గారూ, జనరేటర్ నుంచి రెండు వందల మీటర్లు పక్కకి పోయి పొలం గట్టు మీద పెట్టి చూశాను. అదే కథ. హైటెన్షన్ లైన్ దరిదాపుల్లో లేదు. ఒక విషయం చెప్పడం మరిచాను. కంట్రోలర్‌లో శాటిలైట్ల జాబితా తెరిచి ఒక్కోదాని సిగ్నల్ బలం చూస్తూ కూర్చున్నాను. అన్నీ ఒకేసారి పడడం లేదు. నాలుగైదు మాత్రం ఊయల ఊగినట్టు 45 నుంచి 28కి, మళ్ళీ 45కి, నాలుగైదు సెకన్లకోసారి ఊగుతున్నాయి. మిగతావి రాయిలా నిలబడి ఉన్నాయి. కాసేపటికి ఊగేవి మారిపోతున్నాయి.

వాల్తేరు_వెన్నెల | మార్చి 15, రాత్రి 10:15

మీ రెండో పోస్టు చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను. మీ పరికరంలో లోపం లేదు. మీ పనిలోనూ లేదు. మీరు చూసింది అయనోస్ఫియర్‌లో పుట్టే ప్లాస్మా బుడగల వల్ల వచ్చే సింటిలేషన్, అంటే సిగ్నల్ మిణుకుమిణుకుమనడం. ఆ నాలుగైదు సెకన్ల ఊగుడు గమనించి రాశారు చూడండి, దాంతోనే నాకు అనుమానం తీరింది.

నేను పరిశోధన చేసిన రోజుల్లో విశాఖలో మా ల్యాబు మేడ మీద ఒక రిసీవర్ ఉండేది. సెకనుకి 50 సార్లు సిగ్నల్ బలాన్ని కొలిచి రాసుకునేది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా దాని ముందు కూర్చోవడమే నా పని. తెర మీద 48 దగ్గర గీత గీసినట్టు పోతున్న శాటిలైట్ ఉన్నట్టుండి గుబురుగా మారేది. 48, 30, 44, 25, అంతే, లాక్, అంటే సిగ్నల్ మీద రిసీవర్ పట్టు, పోయేది. మొదటిసారి చూసినప్పుడు నేనూ మీలాగే కేబుల్ కనెక్టర్లన్నీ విప్పి మళ్ళీ బిగించాను.

అసలు జరిగేది చెబుతాను. మన తల మీద సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెయ్యి దాకా, సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాల దెబ్బకి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి తిరుగుతుంటాయి. ఇలా విడిపోయిన గాలే ప్లాస్మా. స్కూల్లో అయనావరణం అని చదువుకున్నది ఇదే. 300, 400 కిలోమీటర్ల ఎత్తులో ఇది బాగా చిక్కగా ఉంటుంది. జీపీఎస్ శాటిలైట్ ఉండేది 20,200 కిలోమీటర్ల పైన. కాబట్టి ప్రతి సిగ్నలూ ఈ పొరని దాటే మీ పోల్ దాకా వస్తుంది.

పొద్దుగూకగానే కింది భాగం, అంటే వంద కిలోమీటర్ల ఎత్తులో ఉండేది, త్వరగా మాయమైపోతుంది. అక్కడ గాలి చిక్కగా ఉంటుంది కనుక ఎలక్ట్రాన్లు అయాన్లతో వెంటనే కలిసిపోతాయి. పై పొర మాత్రం రాత్రంతా మిగిలి ఉంటుంది. అదే సమయంలో అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర తూర్పు వైపుగా ఉండే విద్యుత్ క్షేత్రం ఒక గంటసేపు బాగా బలపడుతుంది. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి పడుకుని ఉంటుంది. ఈ రెండూ కలిసి పై పొరని ఇంకా పైకి ఎత్తేస్తాయి. ఇక చూడండి, పైన చిక్కటి ప్లాస్మా, కింద దాదాపు ఖాళీ. గ్లాసులో నీళ్ళ అడుగున నూనె పట్టి ఉంచినట్టు. అది ఎంతసేపు నిలుస్తుంది? అడుగున చిన్న అల రేగితే చాలు, పలచటిది బుడగలా పైకి తన్నుకొస్తుంది. రేలీ–టేలర్ అస్థిరత అని దీనికి పేరు. మీ పోల్ మీద బబుల్ వేరు, ఈ బబుల్ వేరు. ఇది తూర్పు పడమరలుగా వంద కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, ఉత్తర దక్షిణాలుగా అయస్కాంత రేఖల వెంట వెయ్యి కిలోమీటర్లకి పైగా సాగుతుంది.

ఆ అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో రాకెట్ ప్రయోగాలకి కేరళలోని తుంబాని ఎంచుకున్నది అందుకే. బుడగ అక్కడ పైకి లేచే కొద్దీ దాని రెండు కొసలు అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారుతాయి. అక్కడ 500 కిలోమీటర్ల ఎత్తు దాకా లేస్తే చాలు, కొస మీ అద్దంకి దాటి పైకి వచ్చేస్తుంది. అహ్మదాబాద్ దాకా పోవాలంటే 800 దాటాలి. అంటే గుజరాత్ వాళ్ళకి ఫిక్స్ పోని రాత్రులు కూడా మనకి పోతాయి. రష్యాలోనో జర్మనీలోనో కూర్చుని రాసిన మాన్యువల్‌లో ఈ సంగతి ఉండకపోవడం సహజం, వాళ్ళకి ఈ బుడగలే రావు. కానీ ఆ మాన్యువల్ పట్టుకుని మన కుర్రాళ్ళని తిడుతుంటే నాకు బాధేస్తుంది.

ఇప్పుడు మీ ఊయల సంగతి. ఎండలో నీళ్ళ తొట్టి చూడండి. నీళ్ళు కదిలితే అడుగున వెలుగు గీతలు వలలా పరుగెడతాయి. ఒకచోట వెలుగు కుప్పపడుతుంది, పక్కన చీకటి. బుడగ లోపల అంతా ముక్కలు ముక్కలుగా చిరిగి ఉంటుంది, కిలోమీటర్ల సైజు నుంచి సెంటీమీటర్ల దాకా. వాటిలో దాదాపు 400 మీటర్ల సైజువి ఎల్1 సిగ్నల్‌ని, అంటే 1575.42 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని బాగా చెదరగొడతాయి. దాని తరంగదైర్ఘ్యం 19 సెంటీమీటర్లు, పొర ఎత్తు 350 కిలోమీటర్లు అనుకుని లెక్కేస్తే ఆ సైజే వస్తుంది. అలా చెదిరిన సిగ్నల్ నేల మీద వెలుగు చీకట్ల చారలుగా పడుతుంది. బుడగలు సెకనుకి సుమారు వంద మీటర్ల వేగంతో తూర్పుకి కొట్టుకుపోతుంటాయి కనుక ఆ చారలూ మీ పోల్ మీదుగా తూర్పుకి జరుగుతాయి. 400 మీటర్లని వందతో భాగించండి. నాలుగు సెకన్లు. మీరు కంట్రోలర్‌లో కంటితో చూసి రాసింది అదే. పొలం గట్టు మీద నిలబడి మీరు ఆకాశంలో బుడగ వేగాన్ని కొలిచారు.

సిగ్నల్ బలం అలా 20 డెసిబెల్‌లు పడితే రిసీవర్ లెక్క తప్పుతుంది. ఆర్టీకే అంటే తరంగాలని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడమే కదా. లాక్ తెగి మళ్ళీ పట్టుకునేసరికి ఒకటో రెండో తరంగాలు జారిపోతాయి. ఒక్కో తరంగానికి 19 సెంటీమీటర్లు. అలా రెండు మూడు శాటిలైట్లకి జారి, రిసీవర్ అది గుర్తించకుండా ఫిక్స్ అని ప్రకటిస్తే మీ 42 సెంటీమీటర్ల లాంటివి వస్తాయి. ఎల్2, ఎల్5 అనే వేరే ఫ్రీక్వెన్సీల సిగ్నళ్ళు ఉన్నాయి కదా అనుకుంటారు. ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ చెదరడం ఎక్కువ. ఎల్5 ఎల్1 కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఊగుతుంది. రెండు ఫ్రీక్వెన్సీలు అయనోస్ఫియర్ ఆలస్యాన్ని తీసేస్తాయి తప్ప తెగిపోయిన సిగ్నల్‌ని తెచ్చివ్వలేవు.

పగలు ఎందుకు బాగుందో కూడా చెప్పాలి. నిజానికి ఈ మార్చి నెల మధ్యాహ్నం రెండింటికి అయనోస్ఫియర్ రాత్రి కంటే చాలా చిక్కగా ఉంటుంది. ఎల్1 మీద పదిహేను మీటర్ల ఆలస్యం కూడా పడవచ్చు. అయినా మీకు తెలియదు, ఎందుకంటే అది నునుపుగా ఉంటుంది. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న బేస్‌కీ, రోవర్‌కీ దాదాపు ఒకేలా పడి, తీసివేతలో పోతుంది. రాత్రి బుడగ గోడ ఆ రెండు సిగ్నళ్ళ మధ్య నిలబడితే బేస్ చూసే ఆకాశం వేరు, రోవర్ చూసే ఆకాశం వేరు.

శ్రీను గారు చెప్పిన జామర్‌కీ దీనికీ తేడా ఇలా పట్టుకోవచ్చు. జామర్ దగ్గరికి వస్తే అన్ని శాటిలైట్లూ ఒక్కసారే పడతాయి, లారీ పోగానే లేస్తాయి, అది మధ్యాహ్నమైనా రావచ్చు. బుడగ అలా కాదు. కొన్నే పడతాయి, ఆ కొన్నీ ఆకాశంలో ఒక వైపున గుంపుగా ఉంటాయి, గంట గడిచేసరికి గుంపు తూర్పుకి జరుగుతుంది. అదీ పొద్దుగూకిన గంట తర్వాతే మొదలవుతుంది. మీరు స్కైప్లాట్, అంటే ఏ శాటిలైట్ ఆకాశంలో ఏ దిక్కున ఉందో చూపే పటం, తెరిచి ఫోటోలు తీయండి. మొదట దక్షిణం, నైరుతి వైపు చూడండి.

ఇక ఏం చేయాలంటే, నా మాట వినండి, రాత్రి ఏడున్నర నుంచి పన్నెండు దాకా లెవెల్స్‌కి రోవర్‌ని నమ్ముకోవద్దు. పగలు రోవర్‌తోనే దారి పొడవునా గట్టి కంట్రోల్ పాయింట్లు (స్థానం, ఎత్తు కచ్చితంగా తెలిసిన గుర్తులు) పెట్టుకోండి. రాత్రి వాటి మీద, శాటిలైట్లతో పనిలేని టోటల్ స్టేషన్, ఆటో లెవెల్ పెట్టి పని చేయండి. తప్పనిసరై రోవర్ వాడాల్సి వస్తే జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బేడౌ శాటిలైట్ వ్యవస్థలన్నీ ఆన్ చేయండి. ఎన్ని ఎక్కువ దిక్కుల్లో శాటిలైట్లుంటే బుడగకి చిక్కనివి అన్ని మిగులుతాయి. ప్రతి అరగంటకీ టీబీఎం (ఎత్తు ముందే తెలిసిన తాత్కాలిక గుర్తు) మీదకి వెళ్ళి చూసుకోండి. ముఖ్యమైన పెగ్ అయితే రీసెట్ చేసి, ఇరవై నిమిషాల తేడాతో రెండోసారి ఫిక్స్ తీసుకుని పోల్చండి.

ఏప్రిల్ చివర్లో తగ్గుతుంది. మన దగ్గర సూర్యుడు దిగే గీత మార్చి, సెప్టెంబరు రోజుల్లో అయస్కాంత రేఖలకి సరిగ్గా సమాంతరంగా పడుతుంది. ఆ రేఖల రెండు చివరలా ఒకేసారి చీకటి పడడంతో ఆ విద్యుత్ క్షేత్రం అంత బలంగా లేస్తుంది. బ్రెజిల్‌లో అయస్కాంత రేఖలు పడమరకి వాలి ఉంటాయి, అందుకే వాళ్ళకి ఈ తిప్పలు డిసెంబరు చుట్టూ. ఈ ఏడు సూర్యుడి చక్రం కూడా గరిష్ఠం దగ్గరే ఉంది. 2019, 2020లో సూర్యుడు నిద్రపోయినట్టు ఉన్నాడు, అప్పుడు ఇదే పని మీరు రాత్రి చేసినా ఇంతగా తెలిసేది కాదు.

మానేరు_గట్టు | మార్చి 16, ఉదయం 8:30

మేడమ్, నాకు సర్వే తెలియదు, కుతూహలం కొద్దీ అడుగుతున్నాను. వాన పడితే మా ఇంట్లో డిష్ టీవీ పోతుంది. అదీ ఇదేనా? ఇంకొకటి, రాత్రి బండి మీద ఫోన్ మ్యాప్ పెట్టుకుని తిరుగుతుంటాను, నాకెప్పుడూ తేడా రాలేదు.

వాల్తేరు_వెన్నెల | మార్చి 16, మధ్యాహ్నం 1:10

డిష్ సంగతి వేరండీ. అది 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అంత ఫ్రీక్వెన్సీకి అయనోస్ఫియర్ పెద్దగా అడ్డు రాదు. దాన్ని మింగేది వానచినుకులే. ఫోన్‌కి మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ అయినా మీరు రోడ్డు మీదే ఉన్నట్టు మ్యాప్ సర్దేస్తుంది. సర్వేయర్‌కి రెండు సెంటీమీటర్లు కావాలి. అందుకే దెబ్బ ఆయనకి ముందు తగులుతుంది. విమానాలకి కూడా ఇది పెద్ద విషయమే. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి విమానాలకి జీపీఎస్ లెక్కని సరిదిద్దే గగన్ వ్యవస్థ కట్టినప్పుడు అమెరికా వాళ్ళ పలచటి ఒకే పొర నమూనా మన ఆకాశానికి సరిపోలేదు. పలు పొరలతో సొంత నమూనా చేసుకోవాల్సి వచ్చింది. గగన్‌కి 2013 డిసెంబరులో మొదటి ధ్రువీకరణ, 2015 ఏప్రిల్‌లో విమానం దిగే దశకి ధ్రువీకరణ దొరికాయి.

బెజవాడ_హామ్ | మార్చి 16, రాత్రి 9:50

హామ్ రేడియో వాడిగా ఒక్క మాట. 2005 మేలో శ్రీహరికోట నుంచి మా హామ్ వాళ్ళ ఉపగ్రహం హామ్‌శాట్ వెళ్ళింది. 145 మెగాహెర్ట్జ్‌లో కిందికి పంపేది. నేను డాబా మీద చేత్తో యాగీ యాంటెన్నా పట్టుకుని వినేవాణ్ణి. పగలు అది తల మీదుగా పోయే పాస్‌లో గొంతులు గాజులా వినిపించేవి. కొన్ని రాత్రుల పాస్‌లో అవే గొంతులు, తిరిగే ఫ్యాన్‌కి ఎదురుగా మాట్లాడితే వచ్చినట్టు గరగరలాడేవి. యాంటెన్నా సరిగా పట్టుకోలేదని మా గురువుగారు అనేవారు. తర్వాత తెలిసింది, 145 దగ్గర ఈ దెబ్బ జీపీఎస్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువని. మేడమ్ చెప్పిన మాటల్లో ఇదొక్కటి చెవితో విని ఉన్నాను కాబట్టి రాశాను.

తిరుపతి దగ్గర గాదంకిలో పెద్ద రాడార్ ఉంది కదా మేడమ్, అది ఈ బుడగల్ని నేరుగా చూస్తుందంటారు, నిజమేనా?

వాల్తేరు_వెన్నెల | మార్చి 17, ఉదయం 6:45

నిజమే. గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్. దానికి బుడగ మొత్తంగా కాదు, అందులో దాదాపు మూడు మీటర్ల సైజు గరుకు కనిపిస్తుంది. రాడార్ తన తరంగంలో సగం సైజుని చూస్తుంది, దాని తరంగం ఐదున్నర మీటర్లు. ఆ చిత్రాల్లో బుడగ అడుగు నుంచి పైకి పొగలా లేచి వంగడం మొదటిసారి చూసిన రోజు నాకు ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు.

ఫ్యాన్ ముందు గొంతు అన్నారు చూడండి, మా విద్యార్థులకి ఇకమీద అదే చెబుతాను.

పాతగొలుసు | మార్చి 17, ఉదయం 11:20

నేను గొలుసు, ప్రిస్మాటిక్ కంపాస్ కాలం నుంచి ఉన్నవాణ్ణి. రిటైరై ఏడేళ్ళు. ఈ చర్చ చదివాక ఇరవై నాలుగేళ్ళ నాటి సంగతి ఒకటి మనసులో ముడి వీడింది.

2001 అక్టోబరులో కర్నూలు వైపు ఒక కాలువ పనికి కంట్రోల్ పెట్టాం. అప్పుడు శాటిలైట్లు తక్కువ, ఏ వేళకి ఎన్ని కనిపిస్తాయో ముందే అచ్చు తీసుకుని పెట్టుకునేవాళ్ళం. ఎండకి జడిసి సాయంత్రం ఏడుకి స్టాటిక్, అంటే రిసీవర్లని గంటల తరబడి కదలకుండా ఉంచే కొలత, మొదలుపెట్టి పదకొండుకి ముగించేవాళ్ళం. ఎండ లేదు, దుమ్ము లేదు, మంచి వేళ అనుకున్నాం. ఆఫీసుకి తెచ్చి లెక్కేస్తే పాయింట్ల మధ్య కొలిచిన మూడు బేస్‌లైన్లలో రెండు తిరగ్గొట్టేవి. తరంగాలు జారాయని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపించేది. మళ్ళీ వెళ్ళేవాళ్ళం. ఒక పాయింటుకి నాలుగు రాత్రులు కూర్చున్నాం. చివరికి ఒక హెల్పర్ కుర్రాడి మీద నెపం పెట్టారు, ట్రైపాడ్ కదిలించాడని. వాణ్ణి పనిలోంచి తీసేశారు. నేనూ నోరెత్తలేదు. సంవత్సరం చూడండి, సూర్యుడు గరిష్ఠంలో ఉన్న రోజులు. నెల చూడండి. వేళ చూడండి. అన్నీ మేడమ్ చెప్పినట్టే ఉన్నాయి. ఆ కుర్రాడిది తప్పు కాదు. ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కుంటాను.

తమ్ముడూ, నీ ఇంజినీరుకి ఈ చర్చ అచ్చు తీసి చూపించు. మాటతో చెబితే వినడు, నీ లాగ్ చూపించు.

శ్రీను_టోటల్‌స్టేషన్ | మార్చి 17, సాయంత్రం 6:10

మేడమ్, ఒక సందేహం. గత ఏడాది మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను వచ్చి లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబడిందని పేపర్లో వచ్చింది. అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు ఆగిపోయాయట. మనం కూడా అలాంటి హెచ్చరిక ఉన్న రాత్రి రోవర్ తీయకుండా ఉంటే సరిపోదా?

వాల్తేరు_వెన్నెల | మార్చి 17, రాత్రి 9:30

సరిపోదండీ, ఇక్కడే చాలామంది పొరబడతారు. మన బుడగలకి తుఫాను అక్కర్లేదు. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న మామూలు మార్చి సాయంత్రం చాలు, రోజూ పొద్దుగూకడమే వాటికి కారణం. తుఫాను వచ్చిన రాత్రి ఒక్కోసారి బుడగలు అసలు పుట్టకుండా అణిగిపోతాయి కూడా, అది తుఫాను ఏ గంటకి తగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి హెచ్చరిక లేదని ధైర్యంగా బయల్దేరవద్దు.

1938లో పెరూలోని హువాన్‌కాయోలో బుకర్, వెల్స్ అనే ఇద్దరు రాత్రిపూట రేడియో ప్రతిధ్వని చెల్లాచెదురుగా రావడాన్ని మొదట రాశారు. అప్పటి నుంచి ఇన్నేళ్ళ పరిశోధన ఉంది. ఏ నెలలో వస్తాయో, ఏ గంటకి వస్తాయో బాగా తెలుసు. కానీ ఈ రాత్రి వస్తాయా, రేపు రాత్రి వస్తాయా అన్నది ముందే నమ్మకంగా చెప్పడం ఇప్పటికీ గట్టి సమస్యే. అడుగున ఆ మొదటి అల రేగిందా లేదా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే మీలాంటి వాళ్ళ లాగ్‌లు నాకు బంగారం.

పాతగొలుసు గారూ, ఆ అబ్బాయిని తప్పకుండా కనుక్కోండి.

చైనేజీ_142 | మార్చి 22, ఉదయం 5:50

అందరికీ చేతులెత్తి దండం. నాలుగు రాత్రుల లాగ్ తెచ్చాను.

18వ తేదీ నుంచి టీబీఎం మీద ట్రైపాడ్ పెట్టి రోవర్‌ని దానికి బిగించేశాను. సాయంత్రం 6 నుంచి రాత్రి 1 దాకా, సెకనుకి ఒక రీడింగ్. ప్రతి పావుగంటకీ స్కైప్లాట్ ఫోటో. మా హెల్పర్ దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎవరూ తాకకుండా.

18వ తేదీ: 7:35 దాకా లెవెల్ సెంటీమీటరున్నర లోపే ఆడింది. 7:42కి నైరుతిలో ఉన్న రెండు శాటిలైట్లు ఊగడం మొదలుపెట్టాయి. 8:05కి ఏడు పడిపోయాయి, అన్నీ దక్షిణం, పడమర వైపువే. ఈశాన్యం వైపువి చెక్కు చెదరలేదు. 9:20కి అంతా సర్దుకుంది. నేను అయిపోయిందనుకున్నాను. 9:45కి ఇంకో గుంపు వచ్చింది, ఈసారి నడినెత్తి మీదకి. రాత్రి 11:50 తర్వాత మళ్ళీ ఊగలేదు. ఆ మధ్యలో ఫిక్స్ అని చూపిస్తూనే లెవెల్ 31 సెంటీమీటర్లు పైకి పోయిన చోటు ఒకటి, 19 సెంటీమీటర్లు దిగిన చోటు రెండు ఉన్నాయి. ట్రైపాడ్ అంగుళం కదల్లేదు.

19వ తేదీ: దాదాపు అదే, అరగంట ఆలస్యంగా.

20వ తేదీ: ఏమీ లేదు. ఆరు నుంచి ఒంటిగంట దాకా గీత గీసినట్టు ఉంది. మేడమ్ చెప్పి ఉండకపోతే పరికరం దానంతట అదే బాగైందని సంబరపడి రాత్రంతా పెగ్‌లు కొట్టేవాణ్ణి.

21వ తేదీ: మళ్ళీ వచ్చాయి. ఇంజినీరు గారిని 8 గంటలకి ట్రైపాడ్ దగ్గరికి తీసుకెళ్ళి కంట్రోలర్ చేతికిచ్చాను. పావుగంట మాట్లాడకుండా చూశారు. ఒక శాటిలైట్ పడుతూ లేస్తుంటే ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టారు, నాలుగు సెకన్లు, నాలుగు సెకన్లు అని. తర్వాత "ఆటో లెవెల్ ఎప్పటికి కావాలి?" అని అడిగారు. ఈ రోజు మధ్యాహ్నానికి సైటుకి వస్తుంది. పగలు కంట్రోల్ పాయింట్లు ప్రతి 250 మీటర్లకీ వేస్తున్నాం, ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి.

ఒక్క సందేహం మిగిలింది. సెప్టెంబరులో వంతెన అప్రోచ్ పని ఉంది, అదీ రాత్రి షిఫ్టే. అప్పుడు కూడా ఇలాగే ఉంటుందా, అక్కా?

వాల్తేరు_వెన్నెల | మార్చి 22, ఉదయం 7:30

ఉంటుంది తమ్ముడూ. సెప్టెంబరు, అక్టోబరు రెండూ అలాంటి నెలలే. రోవర్ పని రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారే దాకా పెట్టుకునేలా షెడ్యూలు ఇప్పుడే రాయించుకోండి.

లాగ్ ఫైళ్ళు పంపండి. బేస్‌ది కూడా సెకనుకి ఒకటి చొప్పున రాసి ఉంటే అదీ కావాలి. బేస్, రోవర్ రెండింటిలోనూ అదే శాటిలైట్ ఎన్ని సెకన్ల తేడాతో పడిందో చూస్తే బుడగ ఎంత వేగంగా పోయిందో లెక్క తీయవచ్చు. 20వ తేదీది కూడా పంపండి, ఏమీ లేదని పక్కన పెట్టకండి. నాకు ముందు అదే కావాలి.